క్యాంపస్ పోలీసుకి గుండె జబ్బొస్తే కాలిఫోర్నియా చట్టం ఏమంటుంది?

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను. మీవారు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్ పోలీసులో 12 ఏళ్ళుగా పనిచేస్తున్నారు, ఇప్పుడు సార్జెంటు. వయసు 44. పోయిన నెల నైట్ షిఫ్టులో ఛాతీ పట్టేస్తే ఆస్పత్రిలో రెండు స్టెంట్లు వేశారు. 'ఇది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదుగా, సిక్ లీవు పెట్టుకోండి, హెల్త్ ఇన్సూరెన్స్ వాడుకోండి' అని ఆఫీసులో ఎవరో అన్నారు. తెలిసినవాళ్ళేమో 'మీ మామగారికీ బైపాస్ అయింది, వంశంలో ఉన్నదానికి వర్కర్స్ కంప్ (పని వల్ల వచ్చిన గాయానికీ జబ్బుకీ ఇచ్చే పరిహారం) ఎందుకిస్తారు' అని మీ ఆశ తుంచేశారు. సీఎస్‌యూ అనే ఇంకో రాష్ట్ర యూనివర్సిటీ క్యాంపస్‌లో పోలీసుగా ఉన్న మీ తమ్ముడికీ ఇవే రూల్సా అని కూడా అడిగారు.

నేను 19 ఏళ్ళుగా ఓక్లాండ్‌లో ఒక లాయర్ దగ్గర వర్కర్స్ కంప్ హియరింగులు చూసుకుంటున్నాను. లాయర్ని కాను. కానీ ఇలాంటి ఫైళ్ళు చాలానే నా చేతుల మీదుగా వెళ్ళాయి. ముందు ఒక్క మాట చెప్తాను, మిగతాది తర్వాత నిదానంగా చదువుకోండి: క్లెయిమ్ పెట్టండి, ఈ వారంలోనే పెట్టండి. మీ మామగారి బైపాస్ సంగతి విని ఆగిపోకండి.

ఎందుకో చెప్తాను. మామూలు ఉద్యోగికి జబ్బు చేస్తే అది పని వల్లే వచ్చిందని తనే రుజువు చేసుకోవాలి. చెయ్యి విరిగితే చూపించడం తేలిక. గుండె రక్తనాళం పూడుకుపోతే ఎక్కడని చూపిస్తాం? ఇరవై ఏళ్ళు తిన్న తిండా, తండ్రి నుంచి వచ్చిందా, అర్ధరాత్రి డిస్పాచ్ కాల్స్ వల్లా అని డాక్టర్లే తేల్చలేరు. అందుకే కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో పోలీసులకీ, ఫైర్ వాళ్ళకీ కొన్ని జబ్బుల విషయంలో ప్రిజంప్షన్ అని పెట్టారు. అంటే ఆ జబ్బు ఉద్యోగంలో ఉండగా బయటపడితే ఉద్యోగం వల్లే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదు అనేవాళ్ళే సాక్ష్యం తెచ్చి కాదని రుజువు చెయ్యాలి. తేలేకపోతే జడ్జికి ఇంకో దారి లేదు, ఉద్యోగి వైపే తీర్పివ్వాలి. రుజువు బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుతుందన్న మాట.

మనవాళ్ళకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. మన దేశంలో 1923లో వచ్చి 2025 దాకా నడిచిన పరిహార చట్టం మూడో షెడ్యూల్లో పనికి సంబంధించిన జబ్బుల జాబితా ఉండేది. ఆ జబ్బు, ఆ పని కలిస్తే జబ్బు పని వల్లే వచ్చిందని చట్టం భావించేది. పద్ధతి అదే, ఇక్కడ కొన్ని జబ్బుల్ని యూనిఫాంతో ముడిపెట్టారు.

మీవారికి వర్తించేది లేబర్ కోడ్ సెక్షన్ 3213. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పోలీసు శాఖని పేరు పెట్టి చెప్తుంది. సర్వీసులో ఉండగా గుండె జబ్బు గానీ న్యుమోనియా గానీ బయటపడితే అది పని వల్ల కలిగిన గాయం కింద లెక్క. షరతులున్నాయి. రెగ్యులర్ ఫుల్ టైమ్ జీతం మీద ఉండాలి. పోస్ట్ అని పిలిచే రాష్ట్ర శిక్షణ కమిషన్ గుర్తించిన అకాడమీలో పాసై ఉండాలి, ఆ క్యాంపస్ శాఖలో మిగతావాళ్ళూ పాసై ఉండాలి. 12 ఏళ్ళ సర్వీసున్న సార్జెంటుకి ఇది ఇబ్బంది కాదు. అయినా అకాడమీ సర్టిఫికెట్ కాపీ ఒకటి ఇంట్లో తీసి పెట్టుకోండి.

'గుండె జబ్బు' అన్న మాటని కోర్టులు ఇరుకుగా చదవలేదు. 1975లోనే ఇక్కడి అప్పీలు కోర్టు ఆ మాటకి చాలా విశాలమైన అర్థం చెప్పింది. స్టెంట్లు వేసిన కేసులో 'ఇది గుండె జబ్బేనా' అన్న వాదనకి చోటే లేదు. ఒక్క బీపీ మాత్రమే ఉన్నవాళ్ళకి గొడవ ఎక్కువ. ఎకో (గుండె స్కాన్) తీయించినప్పుడు గుండె గోడ మందమైందని తేలితే వాళ్ళ కేసుకీ బలం వస్తుంది.

ఇక మీ మామగారి బైపాస్ సంగతి. మీ ప్రశ్నలో మిమ్మల్ని బాగా బాధపెట్టింది ఇదేనని నాకర్థమైంది. ఆ సెక్షన్లోనే ఒక వాక్యం ఉంది: ఇలా బయటపడిన గుండె జబ్బుని అంతకుముందు ఉన్న ఏ జబ్బుకీ అంటగట్టకూడదు. అంటే మీవారికి ఎప్పటినుంచో రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటూ వచ్చిందని డాక్టర్ రాసినా, ఆ ఒక్క మాటతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. తండ్రికి ఉండడం జబ్బు కూడా కాదు, ఒక రిస్క్ మాత్రమే. ఉద్యోగం పాత్ర బొత్తిగా లేదని చూపిస్తే తప్ప ప్రిజంప్షన్ పడిపోదు. తండ్రికి ఉందని చూపిస్తే ఇంకో కారణం కూడా ఉందని తేలుతుందే గానీ, ఉద్యోగం కారణం కాదని తేలదు. ప్రిజంప్షన్ లేని కేసులోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2015లో క్లార్క్ కేసులో చెప్పింది, పని అనేక కారణాల్లో ఒక కారణమైనా చాలని. అలాంటప్పుడు ప్రిజంప్షన్ ఉన్న మీ కేసులో వంశం పేరు చెప్పి తప్పించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

కొన్నేళ్ళ క్రితం ఒకాయన మా ఆఫీసుకి క్లెయిమ్ నిరాకరించిన ఉత్తరం పట్టుకొచ్చాడు. ఏ క్యాంపసో చెప్పను. ఉత్తరం ఒకటిన్నర పేజీ. అందులో ఆయన నాన్న గుండెపోటు గురించి రెండు లైన్లు, కొలెస్ట్రాల్ గురించి మూడు లైన్లు, బరువు గురించి ఒక లైను. నైట్ షిఫ్టు అన్న మాట ఎక్కడా లేదు. చేసినవన్నీ రాత్రి డ్యూటీలే అయినా ఆ సంగతి రాసినవాళ్ళకి పట్టలేదు. సెక్షన్ 3213 అన్న నంబరూ లేదు. ఆయన ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుని, ఏడు నెలలు ఎవరికీ చూపించలేదు. ఇంట్లో భార్యకి కూడా. 'అంత స్పష్టంగా రాశారు కదా, నిజమే అనుకున్నాను' అన్నాడు. ఆ మడతల దగ్గర కాగితం చిరిగిపోయి ఉంది. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, ఆయన మీద కాదు, ఆ ఉత్తరం మీద. నిరాకరణ ఉత్తరం తీర్పు కాదమ్మా. అవతలి పక్షం చెప్పుకున్న మాట, అంతే. తీర్పిచ్చేది వర్కర్స్ కాంపెన్సేషన్ అప్పీల్స్ బోర్డు జడ్జి.

చెయ్యాల్సిన పని పెద్దదేం కాదు. డీడబ్ల్యూసీ-1 అని ఒక ఫారం ఉంటుంది. జబ్బు పనికి సంబంధించిందని తెలిసిన ఒక్క పనిదినంలో యజమాని దాన్ని ఇవ్వాలి. ఇవ్వకపోతే రాష్ట్ర డివిజన్ ఆఫ్ వర్కర్స్ కాంపెన్సేషన్ వెబ్‌సైట్లో దొరుకుతుంది, మీరే ప్రింటు తీసుకోండి. గాయం ఏమిటన్న చోట 'గుండె జబ్బు, సెక్షన్ 3213' అన్నది ఇంగ్లీషులో సూటిగా రాయించండి. నోటితో చెప్పి వదిలెయ్యకండి. చేతికిస్తే తేదీ వేయించుకుని కాపీ తీసుకోండి, పోస్టులో పంపితే రసీదు ఉండేలా పంపండి. సంతకం పెట్టిన ఫారాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. యజమానికి 30 రోజుల్లో తెలియజేయాలని, ఏడాదిలోపు క్లెయిమ్ వెయ్యాలని గడువులున్నాయి. ఇలాంటి జబ్బుల్లో ఆ లెక్క ఉద్యోగి పనికి దూరమై, అది పని వల్లే వచ్చిందని తెలుసుకున్న రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి కంగారుపడకండి. అలాగని ఈ లెక్క మీద ధీమా పెట్టుకుని ఆలస్యమూ చెయ్యకండి.

ఫారం అందిన మర్నాటికల్లా వైద్యం మంజూరు చెయ్యాలి, ఒప్పుకునేదాకా లేదా నిరాకరించేదాకా 10,000 డాలర్ల వరకు. మామూలు క్లెయిముల్లో నిర్ణయానికి 90 రోజుల గడువుంటుంది. 2022లో వచ్చిన ఎస్‌బీ 1127 అనే చట్టం ప్రిజంప్షన్ కేసులకి దాన్ని 75 రోజులకి తగ్గించింది. ఆలోపు నిరాకరించకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కారణం లేకుండా నిరాకరిస్తే, ఆలస్యం చేసిన మొత్తానికి ఐదు రెట్ల దాకా, 50,000 డాలర్లకి మించకుండా పెనాల్టీ వెయ్యొచ్చు. ఫారం తీసుకున్న తేదీ మీ చేతిలో ఉండాలని అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను. 75 రోజులు ఆ తేదీ నుంచే లెక్కపెడతారు.

డబ్బు విషయం. మామూలు ఉద్యోగికి పనిలోకి వెళ్ళలేని రోజులకి జీతంలో మూడింట రెండొంతులు వస్తుంది. మీవారికి దానికంటే మేలైన ఏర్పాటుంది. యూసీ పోలీసుకి డ్యూటీ వల్ల వైకల్యం కలిగితే ఏడాదికి మించకుండా పూర్తి జీతంతో సెలవివ్వాలని లేబర్ కోడ్ సెక్షన్ 4806 చెప్తుంది. ఇప్పుడు వాడుతున్న సిక్ లీవు రోజుల్ని క్లెయిమ్ ఒప్పుకున్నాక తిరిగి జమ చెయ్యమని అడగండి. చాలామంది ఇది అడగడం మర్చిపోయి నష్టపోయారు.

ఇంకొకటి. శాశ్వత వైకల్యానికి పరిహారం లెక్కకట్టేటప్పుడు మామూలుగా 'ఇంత శాతం పని వల్ల, ఇంత శాతం వేరే కారణాల వల్ల' అని డాక్టరు విడగొడతాడు, పని వాటాకే డబ్బిస్తారు. సెక్షన్ 3213 జబ్బులకి ఆ విడగొట్టడం లేదు. సెక్షన్ 4663లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. డాక్టరు రిపోర్టులో '40 శాతం వంశపారంపర్యం' అని కనిపిస్తే దాన్ని అలాగే ఒప్పుకుని సంతకం పెట్టకండి. ఈ చట్టం తెలిసిన లాయర్‌కి చూపించండి.

మీరు ఒక మాట మధ్యలో రాసి వదిలేశారు, ఆయనకి నడుం నొప్పి కూడా ఎప్పటినుంచో ఉందని. దానికీ ప్రిజంప్షన్ ఉంది, సెక్షన్ 3213.2. కనీసం ఐదేళ్ళు ఫుల్ టైమ్ పోలీసుగా చేసి, డ్యూటీ బెల్టు తప్పనిసరిగా కట్టుకోవాల్సిన ఉద్యోగమైతే నడుం కింది భాగం జబ్బు పని వల్లే అని అనుకుంటారు. ఇందులో సిటీ పోలీసు, షెరిఫ్, హైవే పెట్రోల్ వాళ్ళతో పాటు యూసీ పోలీసు పేరూ ఉంది.

ఒకసారి ఒక ఆఫీసరు తన బెల్టు మా టేబుల్ మీద పెట్టి చూపించాడు, తుపాకీ తీసేసి. మ్యాగజైన్ల సంచీ, రెండు జతల సంకెళ్ళు, రేడియో, లాఠీ, పెప్పర్ స్ప్రే, టార్చి. లోపలి వైపు, సరిగ్గా నడుం ఎముక ఆనే చోట, తోలు నునుపెక్కి నల్లగా మెరుస్తోంది. అక్కడ పాత తువ్వాలు ముక్క మడిచి, దారంతో కుట్టి ఉంది. 'మా అమ్మ కుట్టింది' అన్నాడు. పెట్రోల్ కారు సీట్లో ఆ బెల్టుతోనే పది గంటలు కూర్చుంటాడు. సీటుకీ నడుముకీ మధ్య ఆ సామానంతా ఒత్తుకుంటూ ఉంటుంది. ఆయన దాన్ని జబ్బనే అనుకోలేదు, వయసు మీద పడుతోందనుకున్నాడు. అప్పటికి వయసు 38. మీవారి బెల్టు కూడా ఒకసారి తూచి, ఫొటో తీసి పెట్టండి. గుండె క్లెయిమూ, నడుం క్లెయిమూ రెండు వేర్వేరు గాయాలు. డాక్టర్‌కి రెండూ చెప్పాలి, రాతలోనూ రెండూ ఉండాలి.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. చెప్పడానికి బాధగా ఉంది గానీ చెప్పకపోతే తప్పు. సీఎస్‌యూ అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. యూనిఫాం అదే, అకాడమీ అదే, తుపాకీ అదే. కానీ సెక్షన్ 3213లో ఉన్న పేరు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాది మాత్రమే. బెల్టు సెక్షన్‌లోనూ అంతే. కాబట్టి గుండె, నడుం విషయంలో మీ తమ్ముడు మామూలు ఉద్యోగిలాగే తన రుజువు తనే తెచ్చుకోవాలి. తెచ్చుకోలేడని కాదు, క్లార్క్ కేసు ఆయనకీ పనికొస్తుంది. బరువు ఆయన భుజం మీద ఉంటుంది, అంతే. ఆయనకున్న ఒక మంచి ఏమిటంటే, పూర్తి జీతంతో ఏడాది సెలవు సీఎస్‌యూ పోలీసుకీ ఉంది, సెక్షన్ 4816 కింద.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, కాలిఫోర్నియాలో ప్రిజంప్షన్ అన్నది పోలీసులందరికీ ఒకేసారి ఇచ్చింది కాదు. ఒక్కో జబ్బుకి ఒక్కో సెక్షన్, ఒక్కో సెక్షన్లో ఒక్కో జాబితా. ఆ జాబితాలు చాలాచోట్ల పీనల్ కోడ్ (రాష్ట్ర శిక్షాస్మృతి) నంబర్ల మీద నడుస్తాయి. యూసీ పోలీసు 830.2లో బి భాగం, సీఎస్‌యూ పోలీసు సి భాగం, కమ్యూనిటీ కాలేజీ, స్కూల్ డిస్ట్రిక్టు పోలీసు 830.32. క్యాన్సర్ ప్రిజంప్షన్ ఉన్న సెక్షన్ 3212.1ని ఈ నంబర్లు దగ్గర పెట్టుకుని చదవండి. సిటీ పోలీసులు, షెరిఫ్ డెప్యూటీలు వచ్చే 830.1 ఉంది, 830.2లో హైవే పెట్రోల్ ఉన్న ఎ భాగం ఉంది. బి లేదు, సి లేదు. ల్యాబుల్లో రసాయనాలు ఒలికితే, డార్మిటరీలో మంట లేస్తే ముందు చేరుకునేది క్యాంపస్ పోలీసే. ఆ పొగ పీల్చినందుకు పక్క వీధి సిటీ పోలీసుకున్న ఊరట వీళ్ళకి లేకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. సవరించాలని వీళ్ళ సంఘాలు శాసనసభ్యుల్ని గట్టిగా అడగాల్సిన విషయం ఇది.

అన్నీ మూసుకుపోలేదు. రక్తం ద్వారా వచ్చే హెపటైటిస్, హెచ్‌ఐవీ లాంటి వాటికీ, మందులకి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ చర్మ ఇన్‌ఫెక్షన్‌కీ ఉన్న సెక్షన్ 3212.8 పీనల్ కోడ్‌లో 830తో మొదలయ్యే అధ్యాయంలోని పీస్ ఆఫీసర్లందరికీ (పోలీసు అధికారాలున్నవాళ్ళందరికీ) వర్తిస్తుంది. అంటే యూసీ, సీఎస్‌యూ, కమ్యూనిటీ కాలేజీ అందరూ వస్తారు. విద్యార్థిని పట్టుకునేటప్పుడు సూది గుచ్చుకుందనుకోండి, ఆ రోజే రిపోర్టు రాయించాలి.

మానసికంగా తగిలే దెబ్బల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో దీన్ని జబ్బని ఒప్పుకోవడమే కష్టం. క్యాంపస్‌లో ఆత్మహత్య జరిగితే హాస్టల్ గది తలుపు తీసేది వీళ్ళే. పోలీసుల పీటీఎస్‌డీకి (ఘోరాలు చూశాక మనసుని వదలని జబ్బుకి) 2020 జనవరి 1 నుంచి ప్రిజంప్షన్ అమల్లోకి వచ్చింది, సెక్షన్ 3212.15 కింద. 2023లో దాన్ని 2029 జనవరి 1 దాకా పొడిగించారు. అందులో క్యాంపస్ పోలీసులూ ఉన్నారు. కనీసం ఆరు నెలల సర్వీసు ఉండాలి, అనూహ్యమైన ఘోరం జరిగితే ఆ షరతు కూడా అక్కర్లేదు. మామూలుగా మానసిక జబ్బు క్లెయిముకి అన్ని కారణాల్లో పని వాటా సగానికి పైన ఉందని చూపించాలి. ఆ బరువు లేకపోవడం చిన్న విషయం కాదు. మీవారికి నిద్ర పట్టకపోవడం, చప్పుడైతే ఉలిక్కిపడడం ఉంటే టెన్షన్ అని కొట్టిపారెయ్యకండి, డాక్టర్‌కి చెప్పించండి. కోవిడ్‌కి ఉన్న ప్రిజంప్షన్ మాత్రం 2024 జనవరి 1తో ముగిసింది.

ఉద్యోగం మానేస్తే ఇవన్నీ పోతాయా అని కూడా కొందరు అడుగుతారు. సెక్షన్ 3213 కింద పూర్తి చేసిన ఒక్కో ఏడాది సర్వీసుకి మూడు నెలల చొప్పున, 60 నెలలు మించకుండా, మానేశాక కూడా ప్రిజంప్షన్ నడుస్తుంది. మీవారి 12 ఏళ్ళకి అది 36 నెలలు. వేరే శాఖకి మారాలన్న ఆలోచన ఉంటే ఈ లెక్క దగ్గర పెట్టుకోండి.

అవతలి పక్షం ఒప్పుకోకపోతే క్యూఎంఈ అనే, ఏ పక్షానికీ చెందని డాక్టరు చేసే పరీక్ష ఉంటుంది. ముగ్గురి పేర్లు వస్తాయి. లాయరుంటే ఇరుపక్షాలూ చెరొక పేరు కొట్టేస్తాయి, మిగిలినవారు చూస్తారు. ఆ గదిలో మీవారు ఏం చెప్తారన్నది చాలా ముఖ్యం. సిగరెట్ తాగేవారైతే తాగానని చెప్పాలి, షుగర్ ఉంటే ఉందనాలి, తండ్రి బైపాస్ కూడా దాచక్కర్లేదు. దాస్తే పాత రికార్డుల్లో బయటపడుతుంది, అప్పుడు మిగతా మాటల్నీ ఎవరూ నమ్మరు. నేను మీకు చెప్పిన చట్టం నిజం చెప్పినా నిలబెట్టేంత గట్టిది. వాటితో పాటు పని కూడా చెప్పాలి: ఎన్నేళ్ళు నైట్ షిఫ్టు, నెలకి ఎన్ని ఓవర్‌టైములు, పరుగెత్తి పట్టుకున్న సందర్భాలు, చేతుల్లో ప్రాణం పోయిన కేసులు. మగవాళ్ళు వీటిని 'అదంతా మామూలే' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పరీక్షకి వెళ్ళేముందు మీరిద్దరూ కూర్చుని ఏళ్ళవారీగా ఒక కాగితం మీద రాసుకోండి. ఆయన మర్చిపోయినవి మీకు గుర్తుంటాయి, ఏ రాత్రి ఎన్నింటికి ఇంటికొచ్చారో తలుపు తీసింది మీరే కదా.

లాయర్ని పెట్టుకోవాలంటే ముందు డబ్బు కట్టక్కర్లేదు. వచ్చిన పరిహారంలోంచి సాధారణంగా 15 శాతం దాకా ఫీజు ఉంటుంది, అది కూడా జడ్జి ఆమోదిస్తేనే. ప్రిజంప్షన్ కేసులు చేసినవాళ్ళనే అడగండి. అప్పటిదాకా సందేహాలుంటే డివిజన్ ఆఫీసుల్లో ఇన్ఫర్మేషన్ అండ్ అసిస్టెన్స్ ఆఫీసర్లు ఉచితంగా చెప్తారు. చట్టాలకి సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి నేనిచ్చిన సెక్షన్ల తాజా పాఠం రాష్ట్ర ప్రభుత్వ చట్టాల వెబ్‌సైట్లో ఒకసారి సరిచూసుకోండి. యూనివర్సిటీ పెన్షన్ ప్లాన్‌లో ఉండే డిజెబిలిటీ వేరే దారి, దానికి వేరే దరఖాస్తు. ఇది వచ్చింది కదా అని అది దానంతటదే రాదు.

చివరికి మీరడిగిన భయం, క్లెయిమ్ పెడితే డిపార్ట్‌మెంట్‌లో చూపు మారుతుందేమోనని. క్లెయిమ్ వేశాడని వేధించడం, తీసెయ్యడం లేబర్ కోడ్ సెక్షన్ 132ఎ కింద నేరం, దానికి విడిగా పిటిషన్ వెయ్యొచ్చు. చూపుల్ని చట్టం ఆపలేదు, అది నిజం. కానీ నేను చూసినంతలో, ఒక సార్జెంటు క్లెయిమ్ పెట్టి నిలబడ్డాక, అంతకుముందు నోరెత్తని ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందని మెల్లగా అడుగుతారు.

మీవారిని మళ్ళీ డ్యూటీకి పంపేముందు కార్డియాలజిస్టుని రాతపూర్వకంగా అడగండి: నైట్ షిఫ్టు చెయ్యొచ్చా, బెల్టు కట్టుకోవచ్చా, పరుగెత్తొచ్చా. ఆయన వద్దని రాసినవాటిని డిపార్ట్‌మెంట్ చేతిలో పెట్టండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ కాగితం రాకముందు ఆయన్ని రాత్రి డ్యూటీకి వెళ్ళనివ్వకండి అమ్మా.